పై మోడల్ ప్రాసెసర్‌కి ఇంకాస్త పెట్టాలా?

కంప్యూటర్ కొనేటప్పుడు చాలామంది ఒక చోట ఆగిపోతారు. కావలసిన మోడల్ దొరికింది, ధర కుదిరింది, ఇక కొనేద్దాం అనుకునేసరికి పక్కనే దాని పై మోడల్ కనబడుతుంది. తెర అదే, బాడీ అదే, ర్యామ్ అంతే. ప్రాసెసర్ మాత్రం ఇంకాస్త వేగం, ధర కూడా ఇంకాస్త ఎక్కువ. ‘ఎలాగూ ఇంత పెడుతున్నాం, ఆ కాస్తా పెట్టేస్తే పోలా’ అని మనసు లాగుతుంది. సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి చుట్టాలూ స్నేహితులూ ఈ ప్రశ్న నన్ను అడుగుతూనే ఉంటారు. నా జవాబు వాళ్లకి అంతగా నచ్చదు. ఒకే తరంలో, ఒకే రకం చిప్‌లో, ఒక్క మెట్టు పైకెక్కడానికి డబ్బు పెట్టొద్దంటాను. ఎక్కితే రెండు మూడు మెట్లు ఒకేసారి ఎక్కాలి. లేదంటే కింది మెట్టు మీదే ఉండి, ఆ డబ్బు ఇంకో భాగానికి పెట్టాలి.

ఊరికే అనడం లేదు. ఒక జంటను తీసుకుందాం. 2019లో ఏఎమ్‌డీ సంస్థ రైజెన్ 5 3600, రైజెన్ 5 3600ఎక్స్ అని రెండు ప్రాసెసర్లు తెచ్చింది. రెండిట్లోనూ ఆరు కోర్లే (లెక్కలు చేసే భాగాలు), పన్నెండు థ్రెడ్లే (ఒకేసారి నడపగలిగే పనుల వరుసలు), చిప్‌లోనే ఉండే చిన్న మెమరీ, అంటే ఎల్3 క్యాష్, 32 ఎంబీయే. మొదటిదాని మామూలు వేగం 3.6 గిగాహెర్ట్జ్ (ఒక గిగాహెర్ట్జ్ అంటే ప్రాసెసర్ గడియారం సెకనుకి వంద కోట్ల టిక్కులు కొట్టడం), గరిష్ఠం 4.2. రెండోదానికి 3.8, 4.4. తేడా 0.2 గిగాహెర్ట్జ్, అంటే 200 మెగాహెర్ట్జ్. శాతాల్లో చెప్పుకుంటే ఐదు, మహా అయితే ఐదున్నర. అదే సమయంలో చిప్ వదిలే వేడికి కంపెనీ చెప్పుకున్న అంకె 65 వాట్ల నుంచి 95 వాట్లకి పోయింది. ఇప్పుడు మార్కెట్లో చాలా వరుసల్లో మెట్టుకీ మెట్టుకీ మధ్య ఎత్తు ఇంచుమించు ఇంతే ఉంటుంది.

ఈ ఐదు శాతం అట్టపెట్టె మీద రాసిన అంకె. అది మన వేళ్ల దాకా చేరేలోపు చాలాచోట్ల కరుగుతుంది. దారిలో పెరిగే అవకాశం దాదాపు లేదు, తరిగే అవకాశాలే అన్నీ. నా వాదనంతా ఇక్కడే ఉంది కాబట్టి ఆ కరిగే చోట్లను కాస్త నిదానంగా చూద్దాం.

నా పనిలో ఎక్కువసేపు ఎదురుచూసేది బిల్డ్ దగ్గర, అంటే రాసిన కోడ్‌ని నడిచే ప్రోగ్రాముగా మార్చే చోట. మొత్తం ప్రాజెక్టును మొదటినుంచీ కంపైల్ చేయాలంటే పది నిమిషాల దాకా పడుతుంది. బటన్ నొక్కి ఫోన్ తీయకుండా, టాస్క్ మేనేజర్‌లో ఒక్కో కోర్‌కీ ఒక్కో గడి కనబడేలా పెట్టుకుని చూస్తూ కూర్చుంటే తమాషాగా ఉంటుంది. మొదట కాసేపు గీతలన్నీ అడుగునే పాకుతుంటాయి. వేల ఫైళ్లు డిస్క్ నుంచి వస్తున్నాయి, యాంటీవైరస్ ఒక్కోదాన్నీ తడిమి వదులుతోంది. తర్వాత గడులన్నీ ఒక్కసారిగా పైదాకా నిండిపోతాయి, ఫ్యాన్ రొద మొదలవుతుంది. ప్రాసెసర్ నిజంగా చెమటోడ్చేది ఇప్పుడే. ఆపైన లింకింగ్, అంటే ముక్కలన్నిటినీ ఒకే ప్రోగ్రాముగా అతికించడం. ఒక్క గడి నిండుగా ఉంటుంది, మిగతావన్నీ చతికిలబడతాయి. చివర్లో టెస్టులు. అవి డేటాబేస్ జవాబు కోసమో నెట్‌వర్క్ కోసమో ఆగుతూ ఉంటాయి కాబట్టి ఏ గడిలోనూ పెద్దగా చలనం ఉండదు. నేను మాత్రం ఎదురుచూస్తూనే ఉంటాను.

ఆ పది నిమిషాల్లో ప్రాసెసర్ వేగం మీద ఆధారపడ్డది ఆరు నిమిషాలు అనుకుందాం. ఐదు శాతం వేగమైనది పెడితే ఆ ఆరు నిమిషాలే తగ్గుతాయి, మిగతా నాలుగూ అలాగే ఉంటాయి. 360 సెకన్లు 343 అవుతాయి, మొత్తం 600 సెకన్లు 583 అవుతాయి. పదిహేడు సెకన్లు మిగిలాయన్నమాట. ఐదు అనుకున్నది మూడు శాతానికి కూడా రాలేదు. కంప్యూటర్ రూపశిల్పి జీన్ ఆమ్డాల్ 1967లో చెప్పిన లెక్క ఇదే. పనిలో ఒక భాగాన్ని ఎంత వేగవంతం చేసినా, మొత్తం మీద వచ్చే లాభం ఎంతన్నది మిగిలిన భాగమే తేలుస్తుంది. ఆయన ఆ వాదన చేసింది చాలా ప్రాసెసర్లను కలిపి పనిచేయించే యంత్రాల విషయంలో. కానీ మనం బల్ల మీద పెట్టుకునే డబ్బాకి కూడా అది అక్షరాలా వర్తిస్తుంది. పైగా నాది ప్రాసెసర్‌ని బాగా వాడుకునే పని. ఉత్తరాలు రాసుకునేవాళ్లకీ, బ్రౌజర్‌లో రోజంతా గడిపేవాళ్లకీ ఆ అరవై శాతం పదికో ఇరవైకో పడిపోతుంది.

బ్రౌజర్ సంగతే తీసుకోండి. అడిగిన పేజీ పదివేల కిలోమీటర్ల అవతలి సర్వర్‌లో ఉందనుకుందాం. ఫైబర్‌లో కాంతి సెకనుకి సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. పోవడానికి 50, రావడానికి 50, మొత్తం 100 మిల్లీసెకన్లు ఒక్క రానుపోనుకే ఖర్చవుతాయి. ఈలోపు 4 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ గడియారం నలభై కోట్ల సార్లు కొట్టుకుంటుంది. నలభై రెండు కోట్ల సార్లు కొట్టుకునేది కొనుక్కున్నంత మాత్రాన పేజీ ముందు రాదు.

అంత దూరం పోనక్కర్లేదు, కంప్యూటర్ లోపల కూడా ఇదే కథ. ప్రాసెసర్‌కి కావలసిన డేటా దగ్గరున్న క్యాష్‌లో లేకపోతే ర్యామ్ దాకా వెళ్లాలి. అక్కడి నుంచి జవాబు రావడానికి ఉజ్జాయింపుగా 80 నానోసెకన్లు పడుతుంది. 4 గిగాహెర్ట్జ్ దగ్గర అది 320 టిక్కుల కాలం, 4.2 దగ్గర 336 టిక్కులు. ర్యామ్ మారలేదు, దూరం మారలేదు. వేగమైన ప్రాసెసర్ అదే విరామంలో ఇంకో పదహారు టిక్కులు ఎక్కువగా ఖాళీగా కూర్చుంది. ముందున్న బండిని దాటుకుని హడావిడిగా వెళ్లి, అదే ఎర్రలైటు దగ్గర వాళ్లకంటే ఎక్కువసేపు నిలబడటం లాంటిది ఇది.

అందుకే గిగాహెర్ట్జ్ తక్కువున్న చిప్ నెగ్గిన సందర్భాలూ ఉన్నాయి. 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ గరిష్ఠ వేగం 4.5 గిగాహెర్ట్జ్. దానికంటే ముందొచ్చిన 5800ఎక్స్‌ది 4.7. కోర్లు రెండిట్లోనూ ఎనిమిదే. కానీ కొత్తదాని మీద అదనపు క్యాష్ పొరను పేర్చి, 32 ఎంబీని 96 చేశారు. చాలా గేముల్లో ‘నెమ్మదైన’ చిప్ స్పష్టంగా ముందుకెళ్లింది, ఎందుకంటే ర్యామ్ దాకా పోయే అవసరమే తగ్గింది. క్యాష్‌తో పెద్దగా పనిలేని చోట మాత్రం పాతదే కాస్త ముందుంది. నేను రెండు మూడు మెట్లు ఎక్కాలి అనేటప్పుడు నా మనసులో ఉండేది ఇలాంటి తేడాలే. కోర్లు పెరగాలి, క్యాష్ పెరగాలి, తరం మారాలి. అంటే చిప్ తీరే మారాలి. ఉన్న చిప్‌నే ఇంకో 200 మెగాహెర్ట్జ్ తరిమితే నాకేం ఒరగదు.

తరమడం అన్నాను కదా, దాని వెనక ఉన్న వ్యవహారం కూడా తెలుసుకోదగ్గది. ఒకే సిలికాన్ పలక మీద తయారైన చిప్‌లన్నీ ఒకేలా ఉండవు. కొన్ని తక్కువ వోల్టేజితో ఎక్కువ వేగం తట్టుకుంటాయి, కొన్ని తట్టుకోలేవు. ఫ్యాక్టరీలో పరీక్షించి, ఏరి, వేరువేరు నంబర్లతో అమ్ముతారు. దీన్ని బిన్నింగ్ అంటారు. అందులో మోసమేమీ లేదు. కానీ ‘పై మోడల్’ అంటే వేరే డిజైన్ అని కొనేవాళ్లు అనుకుంటారు, చాలాసార్లు అది అదే డిజైన్‌లో ఏరి పక్కన పెట్టిన ముక్క.

దీనికి నాకు భలే నచ్చే ఉదాహరణ కోర్ ఐ7-8086కె. తన 8086 అనే పాత చిప్ వచ్చి నలభై ఏళ్లయిన సందర్భంగా ఇంటెల్ 2018లో దాన్ని విడుదల చేసింది. గరిష్ఠ వేగం 5 గిగాహెర్ట్జ్ అని పెద్ద అక్షరాల్లో చెప్పుకున్నారు. అప్పటికే ఉన్న ఐ7-8700కె గరిష్ఠం 4.7. వినడానికి ఆరు శాతం పైగా తేడా. అయితే ఆ 5 గిగాహెర్ట్జ్ ఒక్క కోర్ మాత్రమే పనిచేస్తున్నప్పటి మాట. రెండో కోర్ లేచిందా, రెండు ప్రాసెసర్లూ 4.6 మీదే నడిచేవి. ఆరు కోర్లూ పనిలో ఉంటే రెండూ 4.3. నేపథ్యంలో ఎప్పుడూ ఏదో ఒకటి గొణుగుతూనే ఉండే నేటి ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక్క కోరే మేలుకుని ఉండే క్షణాలు ఎన్నుంటాయి? కొన్నవాళ్లలో కొందరు జ్ఞాపకంగా దాచుకోవడానికి కొన్నారు, వాళ్లతో నాకు పేచీ లేదు.

వేడి సంగతి. చిప్ తినే కరెంటు దాని వేగంతో పాటు వోల్టేజి వర్గాన్ని (వోల్టేజిని వోల్టేజితోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి పెరుగుతుంది. వేగం పెంచాలంటే సాధారణంగా వోల్టేజి కూడా పెంచాలి. రెండూ చెరో ఐదు శాతం పెంచితే ఖర్చయ్యే పవర్ పదహారు శాతం దాకా పెరుగుతుంది. అంటే చివరి మెట్లలో కొనే ప్రతి శాతం వేగానికీ మూడింతలు వేడి కొంటున్నాం. ఆ వేడిని బయటికి తోయడానికి ఫ్యాన్ ఇంకా గట్టిగా తిరగాలి. ఈ పరుగు ఎంతవరకు పోయిందో 2024లో అందరూ చూశారు. ఆరు గిగాహెర్ట్జ్ దాకా తీసుకెళ్లిన ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొందరి దగ్గర క్రాష్ అవడం మొదలైంది. చిప్‌కి అవసరానికి మించిన వోల్టేజి అందుతోందని కంపెనీయే ఒప్పుకుని, మైక్రోకోడ్ (చిప్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఇచ్చి, వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది.

ల్యాప్‌టాప్‌లో ఈ బాధ రెట్టింపు. 2017లో వచ్చిన ఐ5-8250యూ గరిష్ఠం 3.4 గిగాహెర్ట్జ్, దాని పైనున్న ఐ7-8550యూ గరిష్ఠం 4.0. రెండూ నాలుగు కోర్లవే, రెండూ 15 వాట్ల వర్గానివే. సన్నటి బాడీలో, ఒకే చిన్న ఫ్యాన్ కింద, కాస్త ఎక్కువసేపు నడిచే పని ఇచ్చారంటే మొదటి కొన్ని సెకన్లు ఐ7 దూకుతుంది. తర్వాత వేడి హద్దు తగిలి రెండూ దగ్గర దగ్గర వేగానికి దిగివస్తాయి. అక్కడ నడిపించేది 15 వాట్లే, పేరులోని ఏడు కాదు. అదే ఐ5-8250యూని అంతకుముందు తరం ఐ7-7500యూతో పోల్చి చూడండి. ఆ ఐ7లో ఉన్నవి రెండే కోర్లు. కొత్త ఐ5లో నాలుగు. పేరులో చిన్న అంకె ఉన్నా, అన్ని కోర్లూ వాడే పనుల్లో ఐ5 దాన్ని ఎక్కడో వదిలేసింది. తరం మారితే వచ్చేది ఇలాంటి తేడా.

మా తమ్ముడి కూతురు డిజైన్ కోర్సు చదువుతోంది. ఫోన్ చేసి, “పెదనాన్నా, ఐ5 సరిపోతుందా, ఐ7 తీసుకోమంటావా?” అంది.

“ఇప్పుడున్నది ఏం చేస్తుంటే మొరాయిస్తోందమ్మా?”

“అన్నిటికీ మొరాయిస్తోంది.”

అలా కాదని, మళ్లీ మొరాయించినప్పుడు టాస్క్ మేనేజర్ తెరిచి ఫొటో తీసి పంపమన్నాను. పంపింది. ప్రాసెసర్ దగ్గర 30 శాతం కూడా లేదు. మెమరీ 96 శాతం, డిస్క్ వంద. బ్రౌజర్‌లో లెక్కలేనన్ని ట్యాబులు, పక్కన ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్, ర్యామ్ 8 జీబీ. ర్యామ్ చాలక డిస్క్ మీదికి మార్చి మార్చి రాస్తోంది పాపం. ఆ పిల్లకి ఐ7 కొనిచ్చి 8 జీబీయే ఉంచితే ఇదే నత్తనడక, కాకపోతే ఖరీదైన నత్త. కింది ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్ తీసుకోమన్నాను. ఆ ర్యామ్ కూడా ఒకే పెద్ద స్టిక్‌గా కాకుండా రెండు స్టిక్‌లుగా ఉండేలా చూసుకోమన్నాను. గ్రాఫిక్స్ భాగం ప్రాసెసర్‌లోనే కలిసి ఉండే ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ రెండు దారుల్లో అందితే బొమ్మల పని బాగా చురుగ్గా సాగుతుంది. ఏ పై మోడల్ 200 మెగాహెర్ట్జూ అంత తేడా తీసుకురాదు.

పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డి (తిరిగే భాగాల్లేని డిస్క్) పెట్టినవాళ్లు ఎవరైనా తేడా అంటే ఏమిటో చెప్పగలరు. తిరిగే డిస్క్‌లో ఒక చిన్న ముక్క వెతికి చదవడానికి పది మిల్లీసెకన్ల దాకా పట్టేది, ఎస్‌ఎస్‌డిలో అది మిల్లీసెకనులో పదో వంతుకి వచ్చింది. వంద రెట్లు. దాన్ని గుర్తుపట్టడానికి బెంచ్‌మార్కులు, అంటే వేగం కొలిచే పరీక్షలు, అక్కర్లేదు.

బెంచ్‌మార్కుల మాట వచ్చింది కాబట్టి ఒక పక్కమాట. ప్రాసెసర్ల రివ్యూల్లో గేములను పరీక్షించేటప్పుడు దొరికినవాటిలోకెల్లా శక్తిమంతమైన గ్రాఫిక్స్ కార్డు పెట్టి, తెర రిజల్యూషన్ తగ్గించి నడుపుతారు. ప్రాసెసర్ల మధ్య తేడా పైకి తేలాలంటే అలాగే చేయాలి, పద్ధతి ప్రకారం అది సరైనదే. కానీ మన దగ్గరుండేది మధ్యరకం కార్డు. అక్కడ గేమును ఆపేది కార్డే, ప్రాసెసర్ ఎప్పుడో తన వంతు ముగించి కూర్చుంటుంది. ఆ గ్రాఫులో కనబడ్డ ఏడు శాతం మన ఇంట్లో సున్నా అయినా ఆశ్చర్యం లేదు. ఇంకొందరు గ్రాఫు గీతను సున్నా నుంచి కాకుండా 90 నుంచి మొదలుపెడతారు. అప్పుడు మూడు శాతం తేడా కూడా కొండంత కనబడుతుంది.

సరే, ఇన్ని కోతలూ దాటి మూడు శాతం మిగిలిందే అనుకుందాం. అది మనకి తెలుస్తుందా? మనిషికి యంత్రం ఎంత త్వరగా స్పందించినట్టు అనిపిస్తుందన్నదాని మీద రాబర్ట్ మిల్లర్ 1968లోనే రాశాడు, తర్వాత జాకబ్ నీల్సన్ దాన్ని మూడు హద్దులుగా ప్రచారంలోకి తెచ్చాడు. సెకనులో పదో వంతులోపు జరిగితే వెంటనే జరిగినట్టు అనిపిస్తుంది. సెకను దాకా ఆలోచన తెగదు. పది సెకన్లు దాటితే దృష్టి వేరేవైపు పోతుంది. ఈ హద్దుల్లో ఏదో ఒకటి దాటించే మార్పు అయితే జీవితం మారినట్టే ఉంటుంది. పన్నెండు సెకన్ల పని పదకొండున్నర సెకన్లకి దిగితే ఏ హద్దూ దాటలేదు, మనం అప్పటికే ఫోన్ చేతిలోకి తీసుకున్నాం.

మరి పై మోడల్ మీద ఇంత మోజు ఎందుకు? నా అనుమానం, అది పాతకాలం నుంచి వచ్చిన అలవాటు. 1993లో పెంటియం వచ్చినప్పుడు దాని వేగం 60, 66 మెగాహెర్ట్జ్. 2000 మార్చిలో ఏఎమ్‌డీ, ఇంటెల్ రెండూ రోజుల తేడాతో 1000 మెగాహెర్ట్జ్ గీత దాటాయి. ఏడేళ్లలో పదహారు రెట్లు. ఆ రోజుల్లో పెంటియం 100 బదులు 133 కొంటే అది మూడో వంతు ఎక్కువ వేగం, కళ్లకి కనబడేది. మెట్టు అంత ఎత్తుగా ఉన్నప్పుడు ఎక్కడానికి డబ్బు పెట్టడంలో అర్థముంది. తర్వాత వేడి గోడ అడ్డొచ్చింది. పెంటియం 4 2004లో 3.8 గిగాహెర్ట్జ్ దాకా వచ్చి, ప్రకటించిన 4 గిగాహెర్ట్జ్ మోడల్ రద్దయింది. ఇరవై ఏళ్ల తర్వాత, 2024లో, ఇంటెల్ అమ్మిన అత్యంత వేగమైన డెస్క్‌టాప్ చిప్ గరిష్ఠం 6.2. రెట్టింపు కూడా కాలేదు. ఈమధ్యలో కంప్యూటర్లు వేగంగా మారింది ముఖ్యంగా గడియారం వల్ల కాదు, ఒక్కో టిక్కులో జరిగే పని పెరగడం వల్లా, కోర్లు పెరగడం వల్లా. మెట్లు కుంచించుకుపోయాయి, కొనేవాళ్ల చెయ్యి మాత్రం పాత అలవాటు ప్రకారమే పై మోడల్ వైపు పోతోంది.

నాతో వాదించేవాళ్లు తరచూ తీసే అస్త్రం ‘ముందుచూపు’. ఇప్పుడు కాస్త ఎక్కువ పెడితే ఇంకో రెండేళ్లు ఎక్కువ వస్తుంది కదా అంటారు. కంప్యూటర్ పాతబడేది ఐదు శాతం వేగం చాలకనా? ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ పోతుంది, ర్యామ్ చాలదు, లేదా సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇక చాలు అంటుంది. 2017 జనవరిలో వచ్చిన కోర్ ఐ7-7700కె ఆ వరుసలో అన్నిటికంటే పైది, 4.2 గిగాహెర్ట్జ్ మీద నడుస్తూ 4.5 దాకా పోగలిగేది. అదే ఏడాది చివర్లో వచ్చిన ఐ3-8100 దిగువ శ్రేణిది, 3.6 గిగాహెర్ట్జ్, అంతకుమించి పెరిగే సౌకర్యమే లేదు. 2021లో విండోస్ 11 వచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ ఎనిమిదో తరం దగ్గర గీత గీసింది. కొన్ని మినహాయింపులు తప్ప ఏడో తరం వాటికి అర్హత లేదంది. గొప్పగా కొన్న ఐ7 బయట ఉండిపోయింది, చవక ఐ3 లోపలికి వెళ్లింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు కూడా ఆగిపోయింది. ముందుచూపు ఉన్నవాళ్లు ఏడో తరంలో పై మెట్టుకి పెట్టిన డబ్బుతో ఎనిమిదో తరం కోసం కొన్ని నెలలు ఆగి ఉండవలసింది.

పైగా కొన్న వేగం మన దగ్గరే ఉంటుందన్న హామీ కూడా లేదు. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే ప్రాసెసర్ భద్రతా లోపాలు బయటపడ్డాయి. వాటిని కప్పడానికి వచ్చిన అప్‌డేట్లు కొన్ని రకాల పనుల్లో, ముఖ్యంగా డిస్క్, నెట్‌వర్క్ ఎక్కువగా వాడేవాటిలో, రెండు మోడళ్ల మధ్య తేడా కంటే ఎక్కువ వేగాన్నే మింగేశాయి. ఒక అప్‌డేట్‌తో పోయేదానికి అదనంగా ధర కట్టాలా అన్నది నాకు అప్పటినుంచీ ఉన్న సందేహం.

ఇంకో వాదన కాలం విలువ గురించి. ఒక్కో బిల్డ్‌కి పదిహేడు సెకన్లు మిగిలితే, రోజుకి ఇరవై బిల్డులు చేస్తే ఐదున్నర నిమిషాలు, ఏడాదికి ఇన్ని గంటలు, గంటకి ఇంత జీతం, కాబట్టి ప్రాసెసర్ ఉచితమే అని ఒక లెక్క తేలుస్తారు. లెక్కలో తప్పు లేదు. కానీ ఆ సెకన్లు ఒకచోట పోగుపడి మనకి ఒక గంటగా అందవు. పదిహేడు పదిహేడుగా చిల్లరగా వచ్చి, వచ్చినట్టే పోతాయి. రాత్రి పెట్టి పడుకున్న ఎనిమిది గంటల రెండర్ (వీడియోనో బొమ్మనో తుదిరూపంలో తయారుచేసే పని) ఐదు శాతం వేగంగా అయితే సుమారు ఇరవై మూడు నిమిషాలు ముందు ముగుస్తుంది. తెల్లవారుజామున, అందరూ నిద్రలో ఉండగా.

ఇదే లెక్క యంత్రాలు వందలు ఉన్నచోట తలకిందులవుతుంది. వంద సర్వర్లు పగలూ రాత్రీ నిండుగా పనిచేస్తుంటే, ఐదు శాతం వేగం అంటే దాదాపు ఐదు సర్వర్లు తక్కువ కొనొచ్చు. వాటికి చోటు, కరెంటు, చల్లదనం మిగులుతాయి. అక్కడ ఒక్క శాతం కోసం కొట్టుకున్నా తప్పులేదు. కొన్ని డేటాబేస్‌ల వంటి సాఫ్ట్‌వేర్లకి లైసెన్సు ఫీజు కోర్‌కి ఇంత అని కట్టాలి. అప్పుడు ప్రాసెసర్ ధర లైసెన్సు ముందు చిన్నదైపోతుంది, ఒక్కో కోర్ నుంచి వీలైనంత పిండుకోవడమే తెలివి. 2020లో ఏఎమ్‌డీ ఎపిక్ అనే సర్వర్ ప్రాసెసర్ల వరుసలో తెచ్చిన 7ఎఫ్52 లాంటివి వీళ్ల కోసమే. కోర్లు పదహారే, గడియారం వేగం మాత్రం ఎక్కువ, క్యాష్ కూడా ఎక్కువ. అంటే ఐదు శాతం విలువలేనిదని కాదు. అది విలువైనదయ్యేది ఒకే బల్ల మీద కాదు, చాలా యంత్రాల మీద.

ఒకే బల్ల మీద కూడా ఒక చోట నేను తడబడతాను. సంగీతం రికార్డు చేసేవాళ్ల విషయం వేరు. కంప్యూటర్ శబ్దాన్ని చిన్న చిన్న ముక్కలుగా తీసుకుని, ప్రతి ముక్కనీ గడువులోపు సిద్ధం చేసి స్పీకర్‌కి ఇవ్వాలి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర (అంటే సెకనుకి 48 వేల శాంపిళ్లు, శబ్దపు కొలతలు) ముక్కకి 64 శాంపిళ్లు పెట్టుకుంటే గడువు 1.33 మిల్లీసెకన్లు. ప్రాసెసర్ 1.30లో ముగిస్తే పాట తేనెలా వస్తుంది. 1.36 పట్టిందా, హెడ్‌ఫోన్స్‌లో చిటపటలు. ఇక్కడ ఐదు శాతం నిజంగానే గీతకి అటూ ఇటూ తేలుస్తుంది. అయినా నేను వాళ్లని కూడా పై మోడల్ కొనమనను. ముక్కని 128 శాంపిళ్లకి పెంచితే గడువు 2.67 మిల్లీసెకన్లు అవుతుంది, పైసా ఖర్చులేదు. పాడేవాళ్ల చెవికి ఆ ఆలస్యం ఇబ్బంది పెడుతుందంటే, గీత అంచున నడిచే ఐదు శాతం చాలదు. రేపు ఇంకో ప్లగిన్ (శబ్దాన్ని మార్చే అదనపు సాఫ్ట్‌వేర్) తగిలించగానే మళ్లీ చిటపటలే. వాళ్లకి కావలసింది ఇంకా బలమైన ప్రాసెసర్, అంటే రెండు మెట్ల పైది.

చివరిగా ఒక చిక్కు. ఈమధ్య సన్నటి ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ని బోర్డుకే అతికించేస్తున్నారు, తర్వాత పెంచుకునే దారి లేదు. కంపెనీలు తెలివిగా 16 జీబీనో 32 జీబీనో పై ప్రాసెసర్ ఉన్న మోడల్‌తోనే ముడిపెడతాయి. కింది ప్రాసెసర్, పెద్ద ర్యామ్ అనే కలయికే దొరకదు. అప్పుడు నా సలహా పట్టుకుని 8 జీబీతో సరిపెట్టుకోకండి. ముందు వేరే కంపెనీ మోడళ్లు చూడండి, ర్యామ్ మార్చుకోగలిగేవి ఇంకా దొరుకుతున్నాయి. ఎక్కడా కుదరకపోతే పై మోడలే తీసుకోండి. నా బ్యాగులో ఇప్పుడున్నది అలా తీసుకున్నదే, ర్యామ్ కోసం. దాని ప్రాసెసర్ కింది మోడల్ కంటే ఎంత వేగంగా నడుస్తోందో ఇప్పటికీ కొలిచి చూడలేదు.